తెలుగు మాట్లాడినవాళ్ల పేర్లు

మా అమ్మాయి ఒకటో తరగతి చదివిన గదిలో, ఆకుపచ్చ బోర్డుకు కుడివైపు పైమూలన, సుద్దముక్కతో గీసిన ఒక గడి ఉండేది. ఆ గడి పాఠం కోసం కాదు, క్లాసులో తెలుగు మాట్లాడినవాళ్ల పేర్లు రాయడం కోసం. రాసేది టీచరు కూడా కాదు, క్లాస్ లీడరు. లీడరంటే పెద్దమనిషేమీ కాదు, ముందుపళ్లు ఊడి ఇంకా రాని ఒక ఆరేళ్ల పిల్ల. గడిలో పేరు ఎక్కితే ఆ రోజు ఆటల పీరియడ్ బంద్. తెలుగు పీరియడ్‌లో మాత్రం తెలుగు మాట్లాడవచ్చు. అంతమాత్రం దయ ఉంది వాళ్లకు.

ఈ గడి సంగతి నాకు చాలా నెలలు తెలియదు. మేముండేది శంషాబాద్‌లో. నేను విమానాశ్రయం సరుకుల విభాగంలో, మందులు విదేశాలకు పంపే ఒక కంపెనీలో పని చేస్తాను. చల్లగా ఉండాల్సిన మందుల పెట్టెలు లారీ దిగినప్పటినుంచి విమానం ఎక్కేదాకా వేడెక్కకుండా చూడటం నా ఉద్యోగం. మా ఆయన బ్యాంకులో చేస్తారు. వాళ్లది ఏలూరు వైపు, నగరానికి వచ్చి స్థిరపడి చాలా కాలమైంది. నాది శంషాబాద్‌కు దగ్గర్లోనే, కందుకూరు పక్కన పల్లె, సేద్యం చేసే ఇల్లు. కాబట్టి మా ఇంట్లో రెండు తెలుగులు. మా అమ్మాయి రెండూ వింటూ పెరిగింది కానీ నాదే పట్టుకుంది, ఎందుకంటే ఇంట్లో ఎక్కువ మాట్లాడేది నేను. ఆయన "ఏమిటమ్మా" అంటే అది "ఏంది నాన్నా" అనేది. ఆయన నవ్వుకునేవారు. ఆదివారం మా ఊరికి పోతే దాని తాత, మా బాపు వెనకే చేనంతా తిరుగుతూ, మక్కకంకి ఎందుకు జుట్టు పెంచుకుంటుంది మొదలు బోరుబావిలో నీళ్లు రాత్రి నిద్రపోతాయా వరకు అన్నీ అడిగేది. తిరిగి వచ్చేటప్పుడు కారులో కూడా ఆగేది కాదు.

అలాంటి పిల్ల గురించి పేరెంట్స్ మీటింగ్‌లో టీచరు చెప్పిన మాట విని నేను నా వెనక వేరే పిల్ల తల్లి ఎవరైనా నిలబడిందేమోనని తిరిగి చూశాను. "వెరీ గుడ్ గర్ల్ మేడమ్. నోట్లో నాలుక లేదనుకోండి. రోజంతా ఒక్క మాట మాట్లాడదు. అసలు డిస్టర్బెన్స్ ఉండదు." మా ఆయన థాంక్యూ చెప్పారు. నేను చెప్పలేదు.

ఇంటికొచ్చి అన్నం పెడుతూ అడిగాను.

"బడిల ఎందుకు మాట్లాడుతలేవు బిడ్డా?"

అది పప్పులో వేలు ముంచి ఆలోచించింది. "తెలుగుల మాట్లాడితే బోర్డు మీద పేరు రాస్తరు. ఇంగ్లిష్‌ల జల్ది రాదు. అందుకే సప్పుడుజెయ్య."

చాలా మామూలుగా చెప్పింది. వానొస్తుంది కాబట్టి గొడుగు పట్టుకున్నాను అన్నట్టు చెప్పింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడే సెలవు పెట్టి బడికి పోయాను. ఆ బడికి పోయే దారిలోనే దాని హోర్డింగ్ ఉంటుంది, 'పిల్లలే మా కేంద్రం' అని ఇంగ్లిష్‌లో, పక్కన నీలికళ్ల పిల్ల బొమ్మతో. శంషాబాద్‌లో నీలికళ్ల పిల్ల ఎక్కడ దొరికిందో వాళ్లకు.

అక్కడి కోఆర్డినేటర్ చల్లని గదిలో కూర్చోబెట్టి నీళ్లిచ్చి, చాలా మర్యాదగా చెప్పింది. "మీలాంటి పేరెంట్సే అడుగుతారు మేడమ్. ఇంత చదివిస్తున్నాం, ఇంటికొచ్చి తెలుగే మాట్లాడుతున్నారు, ఏదో ఒకటి చెయ్యండి అని. మేం చేస్తున్నాం."

ఆమె అబద్ధం చెప్పలేదు. అదే నన్ను ఇంకా మండించింది. "నాలాంటి పేరెంట్స్ అంటే నేనైతే కాదు. నా బిడ్డ పేరు మాత్రం రాయొద్దు" అన్నాను. "మీ పాప పేరు ఎప్పుడూ రాయలేదు మేడమ్. ఆ అవసరమే రాలేదు" అంది నవ్వుతూ. బడి మార్చాలని ఆ నిమిషంలోనే నిశ్చయించుకుని బయటికొచ్చాను.

బడి మార్చడానికి నేను చుట్టుపక్కల వెతకడం మొదలుపెట్టిన రోజుల్లోనే మా కంపెనీ నన్ను ఫ్రాంక్‌ఫర్ట్ పంపిస్తానంది. మేం పంపే మందులు అక్కడ దిగి యూరప్ అంతా పోతాయి. దిగిన దగ్గర ఒక మనిషి కావాలి. మూడేళ్లు. ఆయన బ్యాంకులో సెలవు తీసుకుని వస్తానన్నారు, ఆ మాట చెప్పడానికి ఆయన ఒక్క పూట కూడా ఆలోచించలేదు. అది ఆయన గొప్పతనం, ఒప్పుకుంటాను. కానీ స్కూలు విషయం వచ్చేసరికి మా ఆయన మా ఆయన కాకుండా పోయి, వాళ్ల అన్నగారి తమ్ముడు అయ్యారు.

మా బావగారు, వాళ్లావిడ, నగరం లోపల ఉంటారు. ఆవిడను నేను అక్కయ్య అంటాను. తన ఇద్దరు పిల్లలకూ పేరున్న బడుల్లో సీట్లు తెచ్చుకున్న మనిషి. ఎల్.కె.జి. ఇంటర్వ్యూలకు పిల్లల్ని ఎలా తయారు చెయ్యాలో అడగడానికి చుట్టాలు, పక్కవాళ్లు, పక్కవాళ్ల చుట్టాలు ఆమె దగ్గరికే వస్తారు. నిజంగా మంచి మనిషి. ఎవరి పిల్లకు సీటొచ్చినా తన పిల్లకొచ్చినట్టు మిఠాయి పంచుతుంది. వాళ్లిద్దరూ ఆదివారం మా ఇంటికి వచ్చి సోఫాలో కూర్చుని, తేల్చి చెప్పారు. అక్కడ మనవాళ్లంతా పిల్లల్ని వేసే ఇంగ్లిష్ స్కూలు ఒకటి ఉంది, అందులో వెయ్యండి. మూడేళ్ల తర్వాత ఇక్కడికొచ్చి ఏ క్లాసులో కావాలంటే ఆ క్లాసులో చేరొచ్చు. ఈలోగా ఇవాళ్టినుంచి ఇంట్లో తెలుగు ఆపెయ్యండి.

"ఆపేసి ఏం మాట్లాడాలె?" అన్నాను.

"ఇంగ్లిష్ మాట్లాడండి" అన్నారు బావగారు. "పిల్ల పరాయి దేశంలో ఇబ్బంది పడకూడదు కదమ్మా. ఒకేసారి అన్ని భాషలు పెడితే బుర్ర కలగాపులగం అయిపోతుంది."

"బుర్ర కలగాపులగం కాకుంటే నోరు మూతబడుతది" అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. మా ఆయన నా వైపు చూసి ఊరుకోమన్నట్టు కళ్లతో చెప్పారు. ఆ చూపు నాకు పెళ్లయినప్పటినుంచీ తెలుసు. ఎప్పుడూ పట్టించుకోలేదు.

పని అప్పగింతల కోసం నేనొక్కదాన్నే ముందు కొన్నాళ్లు ఫ్రాంక్‌ఫర్ట్ పోయి రావాల్సి వచ్చింది. పోయినప్పుడు రెండు బడులు చూశాను. మొదటిది ఆ ఇంగ్లిష్ స్కూలే. మా శంషాబాద్ బడికి అక్క. ఈత కొలను చూపించారు, రోబోల గది చూపించారు, పెద్ద క్లాసుల ఫలితాలు గోడకు కట్టి ఉంటే అవీ చూపించారు. ఇంట్లో ఏం మాట్లాడతారని అడిగారు. తెలుగు అన్నాను. పిల్ల తొందరగా అలవాటు పడాలంటే కొన్నాళ్లు ఇంట్లో కూడా ఇంగ్లిషే వాడితే బాగుంటుందని సలహా ఇచ్చారు. అంత దూరం విమానమెక్కి పోతే అక్కడ కూడా మా బావగారే కూర్చుని ఉన్నారు.

రెండోది చిన్నది. ప్రైవేటుదే. సగం పూట జర్మన్, సగం పూట ఇంగ్లిష్. గుమ్మంలో పిల్లల బూట్లు ఎడాపెడా పడి ఉన్నాయి, లోపల అందరూ ఇంటి చెప్పులతో తిరుగుతున్నారు. నేను పోయేసరికి ఒక గదిలో పిల్లలు కుందేలుకు ఏం పేరు పెట్టాలని కొట్లాడుకుంటున్నారు. టీచరు చిన్నకుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని, ఏ పక్షమూ తీసుకోకుండా వింటోంది. మూలన ఒక పిల్లవాడు ఏడుస్తున్నాడు. అది జర్మనూ కాదు, ఇంగ్లిషూ కాదు. ఇంకొక టీచరు వాడి పక్కన నేల మీద కూర్చుని ఉంది. వాడి భాష ఆమెకు రాదు. అయినా ఆపమనలేదు, మార్చమనలేదు. వాడు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, లేచి కుందేలు దగ్గరికి పోయాడు.

నేను దేనికీ తొందరగా పడిపోయే మనిషిని కాదు. మందుల పెట్టె మీద ఎవరేం రాసినా మూత తీసి, లోపల వేడి కొలిచి చూసుకుంటాను. హెడ్‌టీచరు ముందు కూర్చుని, సంతలో బీరకాయ గిల్లి చూసినట్టు గిల్లాను. రెండు భాషల బడి అంటున్నారు, మా మూడో భాష ఎక్కడ పెట్టుకోవాలి అన్నాను. తల నెరిసిన ఆ హెడ్‌టీచరు మొహమాటం లేకుండా చెప్పింది. "ఇక్కడ పెట్టలేం. మాకు రాదు. అది మీరు ఇంట్లో చూసుకోవాల్సిందే. మేం చెయ్యగలిగింది ఒక్కటే, దానికి అడ్డు రాకుండా ఉండటం." లెక్కలు మీ దేశం కన్నా నెమ్మదిగా నడుస్తాయి, తిరిగి వెళ్లాక కష్టపడాల్సి వస్తుంది అని కూడా తనే చెప్పింది. ర్యాంకులు లేవు. మధ్యాహ్నం తిండి చల్లటి రొట్టె. ఆ రొట్టె నాకు నచ్చలేదు. మిగతావన్నీ నచ్చాయి.

తిరిగొచ్చి చెప్తే ఇంట్లో అందరూ ఒంటికాలి మీద లేచారు. ర్యాంకులు లేని బడేమిటి? మూడేళ్లుండి వచ్చేదానికి జర్మన్ ఎందుకు? లెక్కలు వెనకబడితే? మా ఆయన నెమ్మదైన మనిషి, ఆయన కూడా గొంతు పెంచారు. "నువ్వు ఇక్కడి బడి మీద కోపంతో అక్కడి బడి ఎంచుకుంటున్నావు. దాని భవిష్యత్తుతో పంతాలాడుతున్నావు."

"కోపంతోనే" అన్నాను. "నా బిడ్డ మాట్లాడకుండ కూసునుడు నేర్చుకుంది. మల్ల ఇంకో బడిల వేసి, ఇంట్ల కూడ నోరు మూయిస్తే ఇగ అది ఏడ మాట్లాడాలె? జెప్పుండ్రి. లెక్కలు నేను జెప్త. గణితం నాకు వచ్చు. పోయిన మాటను తెచ్చుడు నాకు రాదు."

ఆయన లేచి బాల్కనీలోకి పోయారు. లోపలికొచ్చి, సరే, ముందు అక్కడ సీటు దొరకనీ అన్నారు. అంటే దొరకదనే ఆశ.

సీటు ఇచ్చే ముందు ఆ హెడ్‌టీచరు వీడియోలో మా ముగ్గురితో మాట్లాడాలంది. పిల్లను కలవాలి, ఊరికే కాసేపు కబుర్లు చెప్పుకోవాలి అని రాసింది. ఊరికే కబుర్లు అంటే మన దగ్గర ఎవరు నమ్ముతారు? నేను మాత్రం నమ్మానా? నమ్మలేదు. బడికి పిల్ల కావాలంటే ఇంటర్వ్యూ, ఇంటర్వ్యూ అంటే తయారీ. ఇంత అరిచిన నేను కూడా అక్కయ్యకు ఫోన్ చేసి, జర వచ్చి పిల్లను చూస్కో అక్కయ్యా అన్నాను. ఆమె మనసులో ఏమీ పెట్టుకోకుండా బ్యాగు సర్దుకుని వచ్చేసింది.

ఇక చూడాలి మా ఇల్లు. ఫ్రిజ్ మీద పండ్లు, తలుపు మీద జంతువులు, అద్దం మీద ఆకారాలు అతికించింది. పళ్లు తోముకుంటుంటే రంగులు అడిగేది, చెప్పులేసుకుంటుంటే వారాలు అడిగేది. లేచి నిలబడాలి, చేతులు వెనక్కి, గడ్డం పైకి, గుడ్ మార్నింగ్ మేడమ్. మీ నాన్న ఏం చేస్తారు? మీ అమ్మ ఏం చేస్తుంది? పెద్దయ్యాక ఏమవుతావు? డాక్టర్. మా అమ్మాయి అంతకుముందు రోజే పెద్దయ్యాక బర్రెలు పెంచుతానంది. బర్రెలు వద్దు, డాక్టర్ అని చెప్పాలి అంది అక్కయ్య. సరే అంది మా అమ్మాయి. పాపం, దేనికైనా సరే అనడం అలవాటు చేసింది కదా బడి.

వీడియో ఇంటర్వ్యూ రోజు మధ్యాహ్నం మా అమ్మాయి స్కూలు యూనిఫాం వేసుకుని, టై కట్టుకుని, రెండు జడలకు రిబ్బన్లు పెట్టుకుని, మొహానికి పౌడరుతో డైనింగ్ టేబుల్ ముందు కూర్చుంది. అటూ ఇటూ మేమిద్దరం. మా ఆయన కోటు వేసుకున్నారు, పైన కోటు, కింద లుంగీ. లాప్‌టాప్ వెనక, అవతలివాళ్లకు కనబడకుండా, అక్కయ్య నిలబడింది. పిల్ల మర్చిపోతే పెదాలతో అందిస్తుంది.

తెర మీద హెడ్‌టీచరు కనిపించింది, చేతిలో టీ కప్పుతో. నమస్కారాలయ్యాక మా ఆయన్ని అడిగింది, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని.

"ఇంగ్లిష్" అన్నారు మా ఆయన, అడగడం పూర్తికాకముందే.

"తెలుగు" అన్నాను నేను.

హెడ్‌టీచరు ఒకసారి ఆయన్ని, ఒకసారి నన్ను చూసింది. నవ్వు ఆపుకోవడానికి టీ తాగింది. ఆ తర్వాత మా అమ్మాయిని పేరు పెట్టి పలకరించింది. అంతే, స్విచ్చి వేసినట్టు అది లేచి నిలబడింది. చేతులు వెనక్కి, గడ్డం పైకి. గుడ్ మార్నింగ్ మేడమ్ దగ్గర మొదలుపెట్టి, నాన్న బ్యాంకు, అమ్మ ఎయిర్‌పోర్టు, మై ఎయిమ్ ఈజ్ టు బికమ్ ఎ డాక్టర్ దాకా ఒక్క ఊపిరిలో అప్పజెప్పింది. చివర థాంక్యూ కూడా చెప్పింది. లాప్‌టాప్ వెనక అక్కయ్య కళ్లు మెరిశాయి.

హెడ్‌టీచరు అంతా ఓపిగ్గా వింది. "చాలా కష్టపడి నేర్చుకున్నావు" అంది. "ఇప్పుడు నీకు బాగా ఇష్టమైంది ఏదైనా ఒకటి నాకు చూపిస్తావా?"

ఇది సిలబస్‌లో లేదు. అక్కయ్య పెదాలతో 'బొమ్మ, బొమ్మ' అంటోంది. మా ఆయన గొంతు సవరించుకుంటున్నారు. మా అమ్మాయి ఎవరినీ చూడలేదు. కెమెరాకు వినబడకూడదని నా చెవి దగ్గరికి వంగి అడిగింది.

"అమ్మా, తెలుగుల జెప్పొచ్చా? పేరు రాస్తరా?"

నా కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. ఏడుపు కన్నా ముందు కోపమే వచ్చింది. ఎక్కడో ఉన్న బడి, ఎక్కడో ఉన్న టీచరు, అక్కడ బోర్డు కూడా కనబడటం లేదు. అయినా దానికి ఆ గడి కనబడుతోంది. నేను గొంతు తగ్గించలేదు. అందరికీ వినబడేటట్టే చెప్పాను.

"ఎవలు రాయరు బిడ్డా. రాస్తే ముంగట నా పేరు రాస్తరు. మనింట్ల జెప్పినట్లే జెప్పు."

అది ఒక్క క్షణం నా ముఖం చూసింది. టై లాగి పక్కన పడేసింది. "అయితే ఈడ గాదు, పైకి పోవాలె" అంది.

మా ఆయన లాప్‌టాప్ పట్టుకుని, కోటూ లుంగీతో మెట్లెక్కారు. వెనక నేను. నా వెనక అక్కయ్య, ఎందుకో ఛార్జర్ వైరు పట్టుకుని. మా డాబా మీదినుంచి విమానాలు దిగేది చక్కగా కనబడుతుంది. మా అమ్మాయి పిట్టగోడ దగ్గర నిలబడి, వేలు చూపిస్తూ మొదలుపెట్టింది.

"గది సూడు, గదాంట్ల మనుషులుంటరు. కిటికీలున్నయ్ గద. ఇగ జర ఆగితే ఇంకోటొస్తది. దానికి కిటికీలుండయ్. గది సరుకుల విమానం. గండ్ల మా అమ్మ మందులు పోతయ్. మందులకు సూసే పని లేదు గద, గందుకే కిటికీలు పెట్టలె."

నేను పక్కనుంచి ఇంగ్లిష్‌లో చెప్తూ పోయాను. నా కూతురి ఇంటర్వ్యూలో నేను దుబాసీని. కిటికీలు లేకపోతే మందులకు భయం వెయ్యదా అని అడిగింది హెడ్‌టీచరు. "నిద్రపోతయ్" అంది మా అమ్మాయి. "సల్లగ ఉంటది గద." ఆ తర్వాత అడగకుండానే బాపు చేను గురించి, బర్రె ఈనడం గురించి, బాలాపూర్‌లో వినాయకుడి లడ్డు వేలంపాట చూడటానికి పోయి జనంలో తండ్రి భుజం మీదినుంచి ఎలా చూసిందీ, అంతా చెప్పింది. నేను అలసిపోయాను కానీ అది అలసిపోలేదు. ఆఖరికి అదే ఎదురు ప్రశ్న వేసింది. "మీ ఊర్ల విమానాలు చేన్ల మీదికెళ్లి పోతయా, ఇండ్ల మీదికెళ్లి పోతయా?"

"ఇళ్ల మీంచే" అంది హెడ్‌టీచరు. "చాలా చప్పుడు. మాకందరికీ చాలా కోపం."

మా అమ్మాయి పకపకా నవ్వింది. మా ఆయన లాప్‌టాప్ పట్టుకునే గోడకు ఆనుకున్నారు. ఆయన తెర చూడటం లేదు, కూతురినే చూస్తున్నారు. కిందికి దిగుతూ నాతో చిన్నగా అన్నారు. "బడిలో మాట్లాడదు అంటే ఇంత మాట్లాడకుండా కూర్చుంటోందా ఇది?"

"మరి నేను జెప్తున్నది గదే" అన్నాను.

సీటు వచ్చింది. వచ్చిన ఉత్తరంలో, ఇంట్లో మీ భాషలోనే మాట్లాడుతూ ఉండండి, దాని మీదే మిగతా రెండూ నిలబడతాయి అని రాశారు. అది చదివిన మా బావగారు తల పంకించి, "చూశావా అమ్మా, మాతృభాష ఎంత ముఖ్యమో వాళ్లెంత చక్కగా చెప్పారో" అన్నారు. నేను పళ్లు కొరుక్కున్నాను, కానీ ఊరుకోలేదు.

"బావగారూ, గిదే మాట నేను మీరు కూసున్న సోఫా పక్కన నిలబడి మొత్తుకున్న గద. అప్పుడు పంతం, ఇప్పుడు చక్కటి మాట. తెల్లోల్లు జెప్తేనే తెలుగు మంచిదైతదా?"

ఆయన ఉత్తరం మడిచి నా చేతికిచ్చారు. అక్కయ్య మాత్రం పకాలున నవ్వి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఫ్రిజ్ మీద అతికించిన పండ్ల బొమ్మలు తనే ఊడదీసింది. నిజం చెప్పాలంటే అక్కడ నా బిడ్డ ఎలా ఉంటుందో నాకూ తెలియదు. జర్మన్ రావడానికి ఎంత కాలం పడుతుందో, తిరిగొచ్చాక లెక్కల్లో ఎన్ని తిప్పలు పడుతుందో తెలియదు. పడితే పడతాం. ఆ తిప్పలు నోరున్న పిల్ల పడే తిప్పలు.

ప్రయాణానికి ముందు టి.సి. తీసుకోవడానికి శంషాబాద్ బడికి పోయాం. బడి వదిలిపోయే పిల్లలు క్లాసులో చాక్లెట్లు పంచడం ఆనవాయితీ. రంగుల గౌను వేసుకుని, డబ్బా పట్టుకుని మా అమ్మాయి క్లాసులోకి పోయింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. అప్పటిదాకా ఆ గది లోపల చూడలేదు. బోర్డు కుడిమూలన గడి ఉంది. ఆ రోజు ఖాళీగా ఉంది.

"తీస్కో" అంది మా అమ్మాయి మొదటి బెంచీ పిల్లతో. గట్టిగా. "నేను ఇమానమెక్కి పోతున్న. తీస్కో. నువ్వు గూడ తీస్కో. నీకు రెండు, నాకు పెన్సిల్ ఇచ్చినవ్ గద."

ఏడాదంతా దాని గొంతు వినని పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. టీచరు "మేడమ్..." అని నా వైపు తిరిగింది. మొదటి వరసలోంచి ముందుపళ్లు లేని పిల్ల ఒకతి సుద్దముక్క పట్టుకుని లేచింది. లీడరు. బోర్డు దగ్గరికి పోయి నిలబడింది. కానీ రాయలేదు. నా వైపు తిరిగింది.

"ఆంటీ" అంది. "ఆడ తెలుగు మాట్లాడితే పేరు రాస్తరా?"

"రాయరు" అని నాకన్నా ముందు మా అమ్మాయే చెప్పింది.

లీడరుకు అప్పుడు గుర్తొచ్చినట్టుంది, తను ఇప్పుడు ఏ భాషలో అడిగిందో. ఆ పిల్ల బోర్డు వైపు తిరిగి, మునివేళ్ల మీద నిలబడి, గడిలో తన పేరు తనే రాసుకుంది. రాసి, సుద్దముక్క పట్టుకుని, తలవంచుకుని నిలబడింది. ఆ రోజు ఆటల పీరియడ్ పోయిందన్నమాట.

ఆ తలవంచుకోవడం నేను చూడలేకపోయాను. గదిలోకి నడిచాను. "మేడమ్, ప్లీజ్" అంది టీచరు. నేను ఆగలేదు. వంగి, లీడరు చేతిలోంచి సుద్దముక్క అడిగి తీసుకుని, ఆ పేరు కింద నా పేరు రాశాను. తెలుగులో, ఒత్తి, పెద్దగా. సుద్దముక్క మా అమ్మాయి వైపు చాచాను. నేను చెప్పాల్సిన పని లేకుండానే అది డబ్బా టేబుల్ మీద పెట్టి, బోర్డు దగ్గరికొచ్చింది. గడిలో ఇంక చోటు లేదు. అది తన పేరు గీత అవతల రాసింది.